ఈదీతో పాటు ఒక బొమ్మల పుస్తకం

పోయిన రంజాన్ పండుగ నాడు నందికొట్కూరులో దగ్గరి బంధువుల ఇంటికి వెళ్ళాము. ఈద్‌గాహ్ నుంచి అందరూ తిరిగి వచ్చేశారు. శీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అవుతున్నాయి. పెద్ద పిల్లలు ఈదీ డబ్బులు లెక్కపెట్టుకుంటూ బజారుకు పరుగు తీస్తున్నారు. ఇంటి అరుగు మీద మాత్రం నాలుగేళ్ళ పాప ఒకతె తన జేజి ఒడిలో కూర్చుని, ఒక బొమ్మల పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది.

ఆ జేజికి అక్షరం ముక్క రాదు. రేషను షాపులోనైనా, బ్యాంకులోనైనా ఆమెది వేలిముద్రే. అయినా ఆమె చదువుతోంది! పుస్తకంలోని పొడవాటి జుట్టు మనిషిని చూపించి, "ఇదో సూడు, ఈయప్ప జుట్టు ఎంత పొడుగు పెంచినాడో! కటింగ్ షాపాయన ఏమంటాండాడు? నాకిప్పుడు తీరిక లేదు, పో అంటాండాడు" అంటోంది. పాప పడీపడీ నవ్వుతోంది. తొందరలో జేజి రెండు పేజీలు ఒకేసారి తిప్పేసింది. పాప వెంటనే ఆమె చెయ్యి పట్టుకుని, "జేజీ, నడిమిట్ల ఒక బొమ్మ ఇడిసిపెట్టినావు" అని పేజీ వెనక్కి తిప్పింది. చదవడం రాని ఇద్దరు మనుషులు ఒక పుస్తకం చదువుతున్నారు. ఒకరు తప్పితే మరొకరు దిద్దుతున్నారు.

పాప తల్లి పని మీద కర్నూలుకు వెళ్ళినప్పుడు ఇలాంటివి మూడు పుస్తకాలు కొనుక్కొచ్చిందట. పాప తండ్రికి మాత్రం అది వృథా ఖర్చు అనిపించింది. "ఇందులో ఏబీసీడీలు లేవు, ఎక్కాలు లేవు. ఇది చదివితే ఏమొస్తుంది?" అని మమ్మల్నే అడిగాడు. పండుగ పూట వాదన ఎందుకని అప్పటికి నవ్వి ఊరుకున్నాము. కానీ ఆ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. మన ఇళ్ళలో చాలామంది తండ్రుల ప్రశ్న అది. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఉందనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మంచం కింద దూరిన పిల్లవాడు

చదువు విషయంలో మన కుటుంబాలు వెనుకబడి ఉన్నాయన్న మాట ఎప్పటినుంచో వింటున్నాము. కానీ నేటి తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదంటే అది అన్యాయం. ఆటో నడిపే తండ్రి, పండ్ల బండి పెట్టుకున్న తండ్రి, మిషను కుట్టే తల్లి, పత్తి తీతకు పోయే తల్లి, అందరూ కడుపు కట్టుకుని పిల్లల్ని ఎల్‌కేజీలో చేర్పిస్తున్నారు. ఫీజు, యూనిఫారం, ఆటో కిరాయి అన్నీ భరిస్తున్నారు. శ్రద్ధకు లోటు లేదు. ఆ శ్రద్ధ ఎటు మళ్ళుతోందన్నదే ప్రశ్న.

మా ఇంటి అనుభవమే చెబుతాము. కొన్నేళ్ళ క్రితం మా ఇంటి పిల్లవాణ్ణి ఒక బడిలో చేర్పించాము. బడి పేరు ఇక్కడ అనవసరం. చేరిన నెలకే డైరీలో రాసి పంపారు, ఇంట్లో పిల్లవాడితో తెలుగు గానీ ఉర్దూ గానీ మాట్లాడవద్దని, ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాలని. మేమూ నమ్మాము. వచ్చీరాని ఇంగ్లీషు ముక్కలు పదీ ఇరవై తప్ప ఆ పిల్లవాడితో ఆరు నెలలు సరిగా మాట్లాడలేదు. కథలు ఆగిపోయాయి. జోలపాటలు ఆగిపోయాయి. వాడి నానీ వాడితో మాట్లాడాలంటేనే భయపడేది. సాయంత్రం పుస్తకాల సంచి తెరిస్తే చాలు, పిల్లవాడు మంచం కింద దూరేవాడు. పుస్తకమంటే వాడికి తెలిసిందల్లా ఒకే అక్షరాన్ని పేజీ నిండా రాయడం, రాయకపోతే దెబ్బ. తప్పు ఆ బడి ఒక్కదానిదే అనము. చదివిన వాళ్ళమై ఉండి ఆ మాటకు తల ఊపినందుకు తప్పు మాది కూడా.

అక్షరాలు దిద్దించడమే చదువు అనుకుంటే ఏమవుతుందో దేశమంతా చూస్తోంది. 2018 సంవత్సరపు అసర్ నివేదిక ప్రకారం, గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు సుమారు సగం మందే. ఐదేళ్ళు బడికి వెళ్ళి కూడా సగం మంది పిల్లలకు చదవడం పట్టుబడలేదన్న మాట. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఇంటి చేతిలో ఉన్న కారణం ఒకటుంది. పుస్తకం ఒక సంతోషమని తెలియకముందే ఆ పిల్లల చేతికి అది పనిగా వచ్చింది.

ఒడిలో కూర్చోబెట్టుకుని చదివితే ఏమొస్తుంది?

పాప తండ్రి ప్రశ్నకు ఇప్పుడు వద్దాము. నాలుగేళ్ళ బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం పైకి చదివితే ఏమొస్తుంది?

మొదట మాటలు వస్తాయి. రోజువారీ ఇంట్లో మనం పిల్లలతో మాట్లాడే మాటలు కొన్నే. తిను, రా, పడుకో, అల్లరి చేయకు. కథలో అయితే గుహ వస్తుంది, పడవ వస్తుంది, గర్వం వస్తుంది, జాలి వస్తుంది. నందికొట్కూరు పిల్ల సముద్రాన్ని చూసి ఉండదు. బొమ్మలో చూస్తుంది, ఆ మాట వింటుంది, రెండూ కలిసి మనసులో నిలుస్తాయి. రేపు పాఠంలో సముద్రం అన్న మాట వచ్చినప్పుడు అది ఆ పిల్లకు కొత్త కాదు.

రెండోది, పుస్తకం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ, అరబీ కుడి నుంచి ఎడమకు. ఈ నల్లటి గుర్తులే అమ్మ నోట్లో మాటలవుతున్నాయి. ఒకటి జరిగిన తర్వాత మరొకటి జరుగుతుంది. ముందు ఏం జరిగిందో గుర్తుంటేనే వెనుక జరిగేది అర్థమవుతుంది. ఇవి మనకు పిల్లాటలాగా కనిపిస్తాయి. కానీ బడిలో మొదటి సంవత్సరమంతా పంతులమ్మ నేర్పడానికి అవస్థ పడేది వీటినే.

మూడోది అన్నింటికన్నా ముఖ్యం. అమ్మ ఒడి, నాయన గొంతు, జేజి చీర వాసన, వీటితో పుస్తకం కలిసిపోతుంది. అలా కలిసిన బిడ్డ పుస్తకానికి భయపడి మంచం కింద దూరదు.

ఇది మా ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2014లో తన వైద్యులకు ఒక సలహా ఇచ్చింది. పుట్టినప్పటి నుంచే బిడ్డకు పైకి చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలన్నదే ఆ సలహా. టీకాల గురించీ, పాల గురించీ చెప్పినట్టే పుస్తకం గురించీ డాక్టరు చెప్పాలన్న మాట.

ఇక్కడ మనవాళ్ళు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఏ శుక్రవారం ఏ ప్రసంగం విన్నా ఇఖ్రా అన్న మాట వినిపిస్తుంది. ఖుర్‌ఆన్ అవతరణ ఆ మాటతోనే మొదలైంది. దానిని మనం చదువు అని తెలుగు చేసుకుంటాము, ఆడపిల్లలకు చదువు చెప్పించమని, డిగ్రీలు తెచ్చుకోమని దాని ఆధారంతో చెబుతాము. అది మంచిదే. కానీ అరబీలో ఆ మాటకు పైకి వినిపించేలా చదవడం, పఠించడం అన్న అర్థం కూడా ఉంది. పైకి చదవడం, చెవితో వినడం మన ఇళ్ళకు కొత్త కాదు. ఫజ్ర్ తర్వాత ఖుర్‌ఆన్ పఠనం వింటూ నిద్ర లేచిన పిల్లలం మనమందరం. ఆ అలవాటులో నుంచే మరో పావుగంట, బిడ్డకు అర్థమయ్యే మాటల్లో ఒక కథకు కేటాయించమని మేము కోరుతున్నది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) చిన్న పిల్లలతో ఎలా మాట్లాడేవారో హదీసుల్లో చూస్తాము. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌కు ఒక బుల్లి పిట్ట ఉండేది. ఆ పిట్ట చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉంటే, ప్రవక్త (స) వాడి పేరు, పిట్ట పేరు ప్రాస కలిసేలా పలకరించి పిట్ట సంగతి అడిగారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది. ఒక సమాజాన్నంతా నడిపిస్తున్న మనిషికి పిల్లవాడి పిట్టతో ఏం పని? పిల్లవాడి లోకంలోకి దిగి, వాడి భాషలో మాట్లాడడం పెద్దలకు చిన్నతనం కాదని దాని అర్థం.

ఏ పుస్తకాలు?

మా తరానికి బొమ్మల పుస్తకమంటే చందమామ. 1947 జూలైలో మద్రాసులో దాన్ని మొదలుపెట్టిన వారిలో ఒకరైన బి. నాగిరెడ్డి మన పక్క కడప జిల్లా మనిషే. చక్రపాణి ఆయనకు తోడు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మలు చూడడానికే పిల్లలు ఎగబడేవారు. నెల మొదట్లో ఒక సంచిక ఇంటికి వస్తే పక్కింటి పిల్లలు, ఎదురింటి పిల్లలు చుట్టూ చేరేవారు, ఒకరు పైకి చదివితే అందరూ వినేవారు. ఏ ఇంటి పిల్లలన్న తేడా ఉండేది కాదు. 2010 తర్వాతి సంవత్సరాల్లో చందమామ ఆగిపోయింది. అటకల మీద పాత సంచికలున్నవారు వాటిని పాత పేపర్లతో పాటు అమ్మవద్దని మనవి.

చందమామతో పాటు మరో దారిలో కూడా బొమ్మల పుస్తకాలు వచ్చాయి. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు పిల్లల పుస్తకాలను తెలుగులోనే అచ్చువేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు వంటి వారు వాటిని తెలుగు చేశారు. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను ఊరికి వచ్చినప్పుడు, చేతిలో ఉన్న చిల్లరతో అట్ట బిరుసుగా, రంగులు ముద్దగా ఉన్న పుస్తకం ఒకటి కొనుక్కుని ఇంటికి పరుగెత్తిన రోజులు మాకు గుర్తే. మంచు ఎరుగని రాయలసీమ పిల్లలం మంచులో బండి లాగే గుర్రాన్ని చూశాము. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలు రావడమూ ఆగింది. వాటిలో కొన్నింటిని సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ మళ్ళీ వెలుగులోకి తెచ్చింది. ఆ సంస్థ జాబితాలో చిన్న పిల్లలకు తగిన పుస్తకాలు ఇంకా చాలా ఉన్నాయి.

ఇప్పటి పుస్తకాల్లో మొదట చెప్పవలసింది నేషనల్ బుక్ ట్రస్టు గురించి. 1957లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు అనేక భాషల్లో ఇస్తోంది. మిక్కీ పటేల్ రాసిన రూప అనే ఏనుగు కథ వాటిలో పేరున్నది. తన బూడిద రంగు తనకే నచ్చక, మిగిలిన జంతువుల రంగుల మీద మనసు పడిన ఏనుగు కథ అది. నలుపు, తెలుపు అంటూ పిల్లల ముందే రంగు గురించి మాట్లాడుకునే మన ఇళ్ళలో ఆ కథ ఒక్కసారి కాదు, పదిసార్లు చదవదగ్గది. పిల్లకు మనం ఏమీ బోధించనక్కరలేదు, ఏనుగే చెప్పుకుంటుంది.

రెండోది ప్రథమ్ బుక్స్. 2004లో మొదలైన ఈ సంస్థ పేద ఇళ్ళకు అందే ధరలో పుస్తకాలు వేయాలని పెట్టుకున్నది. జేజి ఒడిలో పాప చూస్తున్న పుస్తకం వీళ్ళదే. రోహిణీ నిలేకని రాసిన శృంగేరి శ్రీనివాస్ కథ అది. సంవత్సరానికి ఒకసారి జుట్టు కత్తిరించుకోవాలనుకున్న మనిషికి ఆ రోజు ఎవరికీ తీరిక ఉండదు. చివరికి జుట్టు ఎలా పోయిందో మేము చెప్పము, మీ పిల్లల్ని పక్కన పెట్టుకుని మీరే చూడండి. ఇదే సంస్థ 2015లో స్టోరీవీవర్ అనే వేదికను తెరిచింది. ఫోను ఉన్న వారెవరైనా అందులో తెలుగు కథలు, ఉర్దూ కథలు బొమ్మలతో సహా ఉచితంగా చదవవచ్చు, దించుకుని అచ్చు వేయించుకోవచ్చు. పిల్లల చేతిలో ఫోను పెట్టి మనం పనికి పోవడం వేరు, ఫోను మన చేతిలో ఉంచుకుని పిల్లలకు చదివి వినిపించడం వేరు. ఆ తేడా తెలిసినవారు దీన్ని వాడుకోవచ్చు.

మన సీమలోనే మరొక మంచి పని జరిగింది. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 2008లో కొత్తపల్లి అనే పిల్లల పత్రిక మొదలైంది. పిల్లలు చెప్పిన కథలు, పిల్లలు వేసిన బొమ్మలు అందులో వచ్చాయి. కరవు సీమలో కథలకు కరవు లేదని చూపించిన పత్రిక అది.

ఏ బొమ్మలో ఉంది మన ఇల్లు?

ఇంతవరకు చెప్పిన పుస్తకాలు ఏ ఇంటి పిల్లలకైనా పనికివస్తాయి, మన పిల్లలకూ పనికివస్తాయి. పిల్లలకు అన్ని ఇళ్ళ కథలూ తెలియాలి, సంక్రాంతి ముగ్గూ తెలియాలి, క్రిస్మస్ నక్షత్రమూ తెలియాలి. ఐతే ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పక తప్పదు. తెలుగు బొమ్మల పుస్తకాల్లో మన ఇల్లు ఎక్కడుంది?

మన పిల్లవాడు పుస్తకంలో తనలాంటి వాణ్ణి చూసేది ఎక్కువగా ఒకే పేజీలో. నలుగురు పిల్లలు వరుసగా నిలబడి ఉంటారు, ఒకడికి తలపాగా, ఒకడికి శిలువ, ఒకడికి బొట్టు, ఒకడికి టోపీ. కింద జాతీయ సమైక్యత అని ఉంటుంది. ఆ టోపీ పిల్లవాడు ఆ పేజీ దాటి బయటికి రాడు. వాడు చెరువులో ఈత కొట్టడు, మేకపిల్లను పోగొట్టుకుని వెతకడు, చెల్లెలితో తగవు పడడు, జొన్నరొట్టె తినడు. వాడికి కథ లేదు. టోపీ ఒక్కటే ఉంది.

తెలుగే మాతృభాషగా ఉన్న మన దూదేకుల కుటుంబాల పిల్లలకైతే ఇంకో చిక్కు. తెలుగు పుస్తకం తెరిస్తే అందులో తమ ఇంటి పేర్లు, తమ ఇంటి పండుగలు లేవు. అవి ఉన్న ఉర్దూ పుస్తకం తెరిస్తే అది తమ భాష కాదు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాల పిల్లలదీ ఇంచుమించు అదే అవస్థ. ఏ పుస్తకంలోనూ కనిపించని పిల్లవాడు పుస్తకాలు తన కోసం కాదు అనుకుంటే తప్పు వాడిదా?

దారి లేకపోలేదు. 1996లో చెన్నైలో మొదలైన తూలిక సంస్థ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో బొమ్మల పుస్తకాలు వేస్తోంది. ఆ సంస్థ తెచ్చిన వాటిలో ఇస్మత్ అనే చెప్పులు కుట్టే ఆయన ఈద్ కథ ఒకటుంది. తుర్కీ జానపద కథ ఆధారంగా ఫౌజియా గిలానీ విలియమ్స్ రాశారు, ప్రోయితీ రాయ్ బొమ్మలు వేశారు. పండుగ ముందు రోజు ఇస్మత్ భార్యకు, తల్లికి, కూతురికి కానుకలు కొని, తనకొక పైజామా కొనుక్కుంటాడు. అది నాలుగు వేళ్ళు పొడవు ఎక్కువ. కత్తిరించి కుట్టమంటే వంట పనుల్లో ఎవరికీ తీరిక లేదు. తానే కత్తిరించుకుంటాడు. ఆ తర్వాత ముగ్గురు ఆడవాళ్ళకూ ఒకరికి తెలియకుండా ఒకరికి జాలి పుడుతుంది. తెల్లారేసరికి పైజామా గతి ఏమై ఉంటుందో ఊహించుకోండి. ఈ కథను మేము ఒక ఇంట్లో పదకొండు మంది పిల్లలకు చదివి వినిపించాము. తెలుగులో చెప్పుకుంటూ పోయాము. చాంద్ రాత్ రాగానే ఒక పిల్లవాడు లేచి నిలబడి, "ఇది మా ఇల్లే!" అన్నాడు. అంతవరకు వాడు ఏ పుస్తకాన్నీ చూసి ఆ మాట అని ఉండడు.

కొంచెం పెద్ద పిల్లల కోసం హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో ఒక పుస్తకాల వరుస తెచ్చింది. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో వచ్చిన ఆ వరుసలో దళితుల ఇళ్ళు, ముస్లింల ఇళ్ళు కథలకు నడిబొడ్డున ఉన్నాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన తలకాయ కూర కథ అందులో ఒకటి. కావలిలో తన చిన్ననాటి రోజుల గురించి దర్గామిట్ట కతలు రాసి 1999లో అచ్చేసిన రచయితే ఆయన. మన వంటింటి వాసన బొమ్మల పుస్తకంలోకి రావడం చిన్న విషయం కాదు.

కానీ ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినవి. ఇంకా కావాలి. ఎవరు రాస్తారు? రాయవలసింది మనమే. కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి విద్యార్థులు తమ తమ ఊళ్ళలో నానీలు, జేజిలు చెప్పే కథలను ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో దక్కనీ ఉండేలా రాసి బొమ్మలు వేయిస్తే ఎంత బాగుంటుంది! కె.సి. కాలువ గట్టున గొర్రెల మంద, దూదేకే విల్లు, సంతలో ఎర్రగడ్డల రాశి, బక్రీదుకు పెంచిన పొట్టేలు మీద పిల్లకు కలిగే ప్రేమ, గల్ఫ్ నుంచి ఫోనులో మాత్రమే కనిపించే నాయన. ఇవన్నీ కథలే, ఎవరూ రాయని కథలు.

బొమ్మల గురించి ఒక సందేహం

ప్రాణుల బొమ్మలున్న పుస్తకాలు పిల్లలకు ఇవ్వవచ్చా అని కొందరు పెద్దలు అడుగుతారు. చిత్రాల విషయంలో పండితుల మధ్య వేర్వేరు అభిప్రాయాలున్నాయి, తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కానీ రెండు సంగతులు గుర్తు చేస్తాము. హజ్రత్ ఆయిషా (రజి) చిన్ననాడు బొమ్మలతో ఆడుకునేవారని, వాటిలో రెక్కల గుర్రం కూడా ఉండేదని, అది చూసి ప్రవక్త (స) నవ్వారని హదీసుల్లో ఉంది. పిల్లల ఆటబొమ్మల విషయంలో చాలామంది పండితులు దీని ఆధారంగానే వెసులుబాటు ఇచ్చారు.

రెండోది చరిత్ర. మన పంచతంత్రం పహ్లవీ భాషలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఎనిమిదో శతాబ్దిలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేతుల మీదుగా కలీలా వ దిమ్నా పేరుతో అరబీలోకి వెళ్ళింది. మన కరటక దమనకులే ఆ కలీలా, దిమ్నా. ఆ జంతువుల బొమ్మలు పాఠకుల మనసుకు ఉల్లాసం ఇస్తాయని ఆయన తన ముందుమాటలోనే చెప్పుకున్నారు. 13వ శతాబ్ది నాటి బొమ్మలతో కూడిన అరబీ ప్రతి ఒకటి నేటికీ పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. కథకు బొమ్మ తోడైతే మనసు నిలుస్తుందని మన పూర్వీకులు ఎరుగుదురు. అయినా మనసు ఒప్పనివారు చెట్లు, పడవలు, చందమామ, ఇళ్ళు, కొండలు ఉన్న పుస్తకాలు ఎంచుకోవచ్చు. సందేహం పేరుతో పిల్లలకు పుస్తకమే లేకుండా చేయవద్దని మా మనవి.

ఎలా చదవాలి?

దీనికి డిగ్రీ అవసరం లేదు. రోజూ ఒకే వేళకు, మగ్రిబ్ తర్వాతో పడుకునే ముందో, పావుగంట చాలు. టీవీ కట్టెయ్యండి. బిడ్డను ఒడిలోకి తీసుకోండి. పేజీ బిడ్డ చేతే తిప్పించండి, చిరిగితే చిరగనివ్వండి, అతికించుకోవచ్చు. పులి మాట్లాడితే పులిలాగా, పిల్లి మాట్లాడితే పిల్లిలాగా గొంతు మార్చండి. తండ్రి మ్యావ్ అంటే ఇంటి పరువు ఏమీ పోదు.

పుస్తకంలోని భాష గ్రాంథికంగానో కోస్తా యాసలోనో ఉంటే మన మాటలోకి మార్చుకుని చెప్పండి. ఇంట్లో దక్కనీ మాట్లాడేవారు తెలుగు వాక్యం చదివి దక్కనీలో ముచ్చటించండి. రెండు భాషలు కలిస్తే పిల్లలు తికమక పడతారన్నది అపోహ. అదే పుస్తకం మళ్ళీ చదవమంటే విసుక్కోవద్దు. ఇరవయ్యోసారి వినేటప్పుడు ఆ బిడ్డ తర్వాతి మాటను మనకన్నా ముందే చెబుతుంది. చదవడం అక్కడే మొదలవుతుంది.

ఒక్కటి మాత్రం చేయవద్దు. కథ అవ్వగానే, "దీనివల్ల తెలిసే నీతి ఏమిటి?" అని అడగవద్దు. మనకు ఈ జబ్బు ఎక్కువ. ప్రతి కథనూ పాఠం చేస్తాము, ప్రతి పాఠాన్నీ పరీక్ష చేస్తాము. జాలి గురించిన కథ విన్న బిడ్డ మనసులో జాలి దానంతట అది మొలుస్తుంది. మొలకను పైకి లాగి చూస్తే బతకదు.

చదవడం రాని తల్లులు, జేజిలు మాకెందుకులే అనుకోవద్దు. బొమ్మల పుస్తకం గొప్పతనమే అది. ఇంట్లో చదువుకున్నవారు, చదువుకోనివారు ఇద్దరూ చదవగలిగిన పుస్తకం అదొక్కటే. జేజి బొమ్మను చూసి చెప్పిన కథ పుస్తకంలోని కథకు భిన్నంగా ఉంటే ఇంకా మంచిది, బిడ్డకు రెండు కథలు దొరికాయి.

ఎక్కడ దొరుకుతాయి?

మన ఊళ్ళో మేము తిరిగిన దుకాణాల్లో నోటు పుస్తకాలు, గైడ్లు, రంగు పెన్సిళ్ళు దొరికాయి గానీ ఇలాంటివి దొరకలేదు. 2022లో మనం నంద్యాల జిల్లాలోకి వచ్చినా, కొనుగోలుకు 30 కిలోమీటర్ల దూరంలోని కర్నూలుకు వెళ్ళడమే మనకు అలవాటు. అటు వెళ్ళేవారు గానీ, హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళ్ళేవారు గానీ నాలుగిళ్ళ వారి డబ్బు కలిపి తెస్తే ఖర్చు తగ్గుతుంది. ప్రచురణ సంస్థలకు రాసినా పోస్టులో పంపుతాయి. ఒక పూట బిర్యానీకి అయ్యే ఖర్చుతో రెండు మూడు పుస్తకాలు వస్తాయి.

కొనలేనివారు గ్రంథాలయానికి వెళ్ళాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు పోతోంది. అది మన డబ్బు. నెలకోసారి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి, పిల్లల బొమ్మల పుస్తకాలు తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. అడిగేవారు ఉంటేనే తెప్పించేవారు ఉంటారు. 1883లో కర్నూలులో పుట్టి, ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి పెద్ద దిక్కుల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టిన గడ్డ మనది. ప్రభుత్వం కూడా 2020లో చదవడం మాకిష్టం పేరుతో బడుల్లో ఒక కార్యక్రమం తెచ్చింది. ఇష్టం బడిలో పుట్టాలంటే ముందు ఇంట్లో నాటుకోవాలి.

మసీదు కమిటీల పెద్దలకు ఒక విన్నపం. మక్తబ్ గదిలో ఒక అలమారలో యాభై బొమ్మల పుస్తకాలు పెట్టండి. వారానికొకటి ఇంటికి తీసుకెళ్ళి తిరిగి ఇచ్చేలా ఒక పెద్ద పిల్లకు లెక్క అప్పగించండి. చిరిగిపోతాయని తాళం వేయవద్దు. తాళం వేసిన పుస్తకం చెక్కు చెదరదు, ఎవరికీ పనికి రాదు.

చివరగా మాటకు వస్తే, ఈదీ. పండుగ నాడు పిల్లల చేతిలో పదో ఇరవయ్యో పెడతాము. సాయంత్రానికి అది ఐస్‌క్రీమో, ప్లాస్టిక్ తుపాకో అవుతుంది. వద్దని అనము, పండుగంటే అదీ ఉండాలి. దానితో పాటు ఈసారి ఒక్క పుస్తకం కూడా పెట్టండి. ఇచ్చి ఊరుకోవద్దు, ఆ రోజే కూర్చుని ఒకసారి చదివి వినిపించండి. కానుక పుస్తకం ఒక్కటే కాదు, చదివిన ఆ పావుగంట కూడా.

మొన్న మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. ఆ పుస్తకం అట్ట ఊడింది, మూలలు నలిగాయి, ఒక పేజీకి టేపు వేసి ఉంది. పాప తండ్రిని చూసి, "ఏమొచ్చింది?" అని మేము అడగలేదు. మేము అడగకముందే ఆయన కొంచెం సిగ్గుపడుతూ, "రాత్రి నన్ను కూడా చదవమంటాంది. పులి మాదిరి అరిస్తే గానీ నిద్రపోదు" అన్నాడు.